దానమిచ్చిన ఆవు పళ్ళు

దానమిచ్చిన ఆవుకి పళ్ళెంచకూడదంటారు. మరి పైసా పెట్టకుండా వాడుకుంటున్న లినక్స్ డెస్క్‌టాప్‌లో ఏదో సరిగ్గా పనిచెయ్యకపోతే, దానికి ఒక్క లైను కోడ్ కూడా రాయని మామూలు యూజర్ నోరు విప్పొచ్చా?

హక్కు సంగతి తేలిగ్గానే తేలిపోతుంది. లినక్స్ కెర్నల్‌కి వర్తించే జీపీఎల్ రెండో వెర్షన్, 1991 నాటిది, వారంటీ ఏదీ లేదని స్పష్టంగా చెబుతుంది. బాగుచేసి తీరాలని అడిగే హక్కు మనకి లేదు. కానీ హక్కు లేదు కాబట్టి బాధ్యతా లేదనుకోవడం తొందరపాటు. ఈ ఆవు పాలు ఊరంతా తాగుతోంది. పాలలో తేడా కనిపెట్టినవాడు మర్యాద పేరుతో ఊరుకుంటే నష్టపోయేది దానమిచ్చినవాడొక్కడే కాదు కదా.

‘స్త్రీ’ మన కంటికి ఒకే అక్షరం. యూనికోడ్‌లో ఆరు సంకేతాలు. వాటిని కలిపి ఆకారం ఇవ్వడంలో, కర్సర్ ఆగే చోటులో, బ్యాక్‌స్పేస్ ఎంత చెరపాలన్నదాంట్లో, ఎక్కడైనా తేడా రావచ్చు. మెనూ ఎత్తుని ఇంగ్లీషు అక్షరాలకి సరిపడా లెక్కేస్తే కింది వత్తులు తెగిపోతాయి. ప్రోగ్రామ్ రాసినవాళ్ళకి తెలుగు రాకపోతే, తెగిన వత్తు కూడా వాళ్ళకి చక్కటి బొమ్మలాగే కనిపిస్తుంది. అది తప్పని చెప్పగలిగేది తెలుగు చదివేవాళ్ళే. అలాంటిచోట నా మౌనాన్ని వినయం అని పిలవలేను.

అయితే చెప్పడంలోనూ రెండు రకాలున్నాయి. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, ఎస్సెస్‌హెచ్ లాగిన్ అరసెకను ఆలస్యమవుతోందని గమనించి తవ్వుకుంటూ పోతే, ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీలో ఎవరో పెట్టిన దొంగదారి బయటపడింది. ఆయన మామూలు యూజర్ కాదు, నిజమే. కానీ కథ మొదలైంది “ఇదేంటి, ఇంత నెమ్మదిగా ఉంది?” అన్న మామూలు అనుమానంతోనే. ఇక రెండో రకం: 2022లో అదే ప్రాజెక్టుని దాదాపు ఒంటరిగా, జీతం లేకుండా నడుపుతున్న మనిషిని, ఎవరివో తెలియని పేర్లు ఆలస్యమెందుకంటూ సతాయించాయి. ఆ ఒత్తిడి తర్వాతే కొత్త సహాయకుడి చేతికి పగ్గాలందాయి. దొంగదారి వచ్చింది ఆ చేతుల మీదుగానే.

అరసెకను గురించి చెప్పడం సాక్ష్యం. ఎందుకింత ఆలస్యమని నిలదీయడం ఫిర్యాదు. ఫిర్యాదు నా అసౌకర్యం చుట్టూ తిరుగుతుంది, సాక్ష్యం జరిగినదాన్ని అప్పగిస్తుంది: ఏ వెర్షన్, నేనేం చేశాను, ఏం రావాలి, ఏం వచ్చింది. ఇంతకుముందే ఎవరైనా చెప్పారేమో వెతకడం కూడా అందులో భాగమే. దానికి నా అరగంట ఖర్చవుతుంది. అది ఖర్చుపెట్టకపోతే జీతం లేని ఇంకొకరి అరగంట పోతుంది.

ఇంత చేసినా ఒక్కోసారి జవాబు రాదు. ఆ వెర్షన్ కాలం చెల్లిందని మూసేస్తారు. “మనకెందుకొచ్చిన గొడవ” అనిపించడం సహజం. కానీ తీర్పు తన చేతిలో లేదని తెలిసే సాక్షి బోనెక్కుతాడు. పైగా రాసిపెట్టిన రిపోర్టు, రేపు అదే తెగిన వత్తు చూసి తల గోక్కునే మరొకరికి దొరుకుతుంది.

ప్రతి బగ్‌కీ ఈ బాధ్యత మోయమని ఎవర్నీ అడగను. లక్షలమందికి కనిపించేదాన్ని లక్షలమందిలో ఒకరు చెబుతారు. నా భాషలో, నా కీబోర్డు మీద, నా కంటికే కనిపించేదాన్ని మాత్రం ఇంకొకరికి వదిలెయ్యలేను.