నిలకడ యెక్కడిది?

మోటారు సైకిలు నేర్చుకొని లైసెన్సు పరీక్షకు వెళ్లు మన పిల్లలను భయపెట్టునది వేగము కాదు, నెమ్మది. రోడ్డుమీద గాలివలె పోగల కుర్రవాడు, బ్రేకు ఇన్‌స్పెక్టరు యెదుట 8 అంకెవలె గీసిన ఇరుకు దారిలో నడక వేగమున బండి నడుపవలసి వచ్చినప్పుడు, చేతులు వణకి కాలు నేల మోపును. కాలు మోపినయెడల చాలచోట్ల ఆ దినమునకు పరీక్ష తప్పినట్లే. నిలకడ అనగా నేమి? అది యెక్కడనుండి వచ్చును? ఈ ప్రశ్న బండి నేర్చుకొనువారికి మాత్రమే గాక మనకందరికిని చెందినది గనుక, దీనిని గూర్చి కొంచెము ఆలోచింతము.

వేగముగా పోవు బండి చాలమట్టుకు తనంతట తానే నిలుచును. నెమ్మదిగా పోవునప్పుడు ఆ సహాయము తగ్గిపోవును; నడుపువాని నేర్పే దానిని నిలువబెట్టవలెను. మన నడవడియు ఇట్టిదే. పంట చేతికి వచ్చి, ఇంటిల్లిపాది ఆరోగ్యముగా ఉండి, పదిమంది మనలను మెచ్చుకొనుచున్న దినములలో నీతిగా నడుచుట అంత కష్టము కాదు. కాలపు ఊపు మనలను మోయును. వానలు తప్పి, అప్పు మిగిలి, రోజు గడచుటే కష్టమైనప్పుడు, దుకాణదారుడు పొరబాటున వంద రూపాయలు ఎక్కువ యిచ్చినయెడల మన చేయి ఏమి చేయునో, అక్కడ మన నిలకడ తెలియును.

క్రొత్తగా నేర్చుకొనువాడు చేయు మొదటి తప్పు హ్యాండిలును బిగబట్టుట. ఎన్నడును ఒరగకుండుటే నిలకడ అని అతడు తలంచును. అది నిజము కాదు. రెండు చక్రముల బండి ప్రతి క్షణము ఏదో ఒక ప్రక్కకు ఒరుగుచునే యుండును. ఎడమకు ఒరిగినప్పుడు ముందు చక్రము ఎడమకే కొంచెము తిరుగును. అందుచేత చక్రములు మరల బరువు క్రిందికి వచ్చి బండి లేచును. సైకిలు తనంతట తాను ఎట్లు నిలుచునో శాస్త్రజ్ఞులు చాలకాలము వాదించిరి. తిరుగు చక్రముల బలము వలననే అని కొందరు, ముందు చక్రము అమరిన తీరు వలన అని కొందరు చెప్పిరి. 2011లో అమెరికా, నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు ఆ రెండును లేని చిన్న నమూనా బండిని చేసి త్రోయగా, అదియు ఒరిగిన వైపునకు చక్రము త్రిప్పుకొని నిలిచెను. ఇంత దూరము పోనక్కరలేదు. హ్యాండిలును త్రాటితో బిగించి కట్టిన సైకిలును మనలో ఎవరు నాలుగు బారలు త్రొక్కగలరు?

కావున స్థిరుడనగా ఒరగనివాడు కాడు, ఒరిగిన వెంటనే సరిచేసికొనువాడు. మరియు చక్రము పడు వైపునకే తిరుగునని మరువకూడదు. అన్నదమ్ములకు గట్టు తగవు వచ్చినప్పుడు ముఖము చాటు చేసికొని తిరుగుట మనకు సులభము. కాని ఆ సాయంకాలమే ఆ గుమ్మము త్రొక్కి, “అన్నా, తొందరపడి మాట జారితిని” అనుటయే చక్రము త్రిప్పుట. ఆ దినమున ఒక మాటతో సరిపోవునది, పది సంవత్సరములు విడిచినయెడల కోర్టుతోను సరిపోదు.

ఒరుగుట సహజమైతే తప్పేమున్నది అని యెవరైన అడుగవచ్చును. ఒరుగుటను బట్టి కాదు, దిద్దుబాటు ఒల్లకపోవుటను బట్టియే మనము పడిపోవుదుము.

నేర్పుగలవారు పిల్లలకు చెప్పు మాటలు కొన్ని గలవు. క్లచ్చి సగము పట్టి, ఇంజను ఒకే తీరున పలుకనిచ్చి, వెనుక బ్రేకును కుడికాలితో మెల్లగా తాకవలెను. హ్యాండిలు తిరిగియున్నప్పుడు ముందు బ్రేకు నొక్కరాదు. అన్నిటికంటె ముఖ్యముగా, చక్రమువైపు గాక పోవలసిన చోటువైపు చూడవలెను. నాగలి పట్టినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. కాళ్లయొద్ద చూచుచు దున్నినవాని చాలు వంకర పోవును.

ఇక దళారి సంగతి. కొంత సొమ్ము ఇచ్చినయెడల పరీక్ష లేకుండనే లైసెన్సు ఇప్పింతునని చెప్పువారు ఉందురు. దిద్దుబాటును దాటిపోవు ఈ త్రోవ హ్యాండిలును కట్టివేయుట వంటిదే. చట్టము తడబడువానికి చోటిచ్చియున్నది. నేర్చుకొనువాని లైసెన్సు ఆరు నెలలు చెల్లును. 30 దినములు నేర్చిన తరువాతనే పరీక్ష. తప్పినయెడల 7 దినములైన పిమ్మట మరల వెళ్లవచ్చును. ఆ 7 దినములను కొనివేయువాడు ఏమి కొనుచున్నాడు? కాగితము బండిని నిలువబెట్టదు. వెనుక కూర్చున్న తల్లికిని, రోడ్డు దాటుచున్న బడిపిల్లకును ఆ కాగితము అడ్డుపడదు.

కాబట్టి పరీక్ష తప్పి ఇంటికి వచ్చిన బిడ్డను మనము నవ్వకుందుము, దళారియొద్దకు పంపకుందుము. హెల్మెట్టు పెట్టించి ఊరి బయట ఖాళీ నేలకు తీసికొనిపోయి, సున్నముతో 8 అంకె గీసి, “నెమ్మదిగా, మరల ఒకసారి” అని చెప్పుదము. ఆ సాయంకాలము మనమును మన తగవుల గుమ్మములను జ్ఞాపకము చేసికొందుము.