అమానత్ ఎవరిది?

చెక్క మీద చెక్కి అచ్చువేసిన నది బొమ్మ ఒకటి పోతే ఏం పోయినట్టు? దాని ప్రతి ఇంకెక్కడో ఉంటుందిగా అంటారు కొందరు. 2022లో ఉక్రెయిన్‌లోని ఖేర్సన్ నగరాన్ని వదిలిపోయే ముందు రష్యా సేనలు అక్కడి ఆర్ట్ మ్యూజియం నుంచి పదివేలకు పైగా కళాకృతుల్ని లారీల్లో క్రిమియాకు, సింఫెరోపోల్‌కు తరలించాయి. చిత్రాలతోపాటు అచ్చుబొమ్మలూ పోయాయి. భద్రపరచడానికేనట!

మేం పసితనం నుంచీ విన్న మాట అమానత్. సొంతదారు నమ్మి అప్పగిస్తేనే అది అమానత్. అడిగిన రోజు తిరిగివ్వాలి. అప్పగించనిదాన్ని ఎత్తుకుపోయి కాపాడుతున్నామనడం దోపిడీయే.

సింఫెరోపోల్‌ను క్రిమియా తాతార్లు అక్‌మెస్జిత్ అంటారు. అంటే తెల్ల మసీదు. 1944 మేలో స్టాలిన్ ప్రభుత్వం ఆ ముస్లిం జాతి మొత్తాన్ని రైళ్లకెక్కించి మధ్య ఆసియాకు తోలింది. వాళ్ల ఊళ్ల పేర్లూ చెరిపేసింది. మనుషుల్నీ పేర్లనూ పోగొట్టుకున్న ఆ నేల మీదికే ఇప్పుడు ఖేర్సన్ బొమ్మలు చేరాయి.

అచ్చుకు మరో ప్రతి ఉండొచ్చు. దాని ముందు నిలబడి 'ఇది మాది' అనుకునే ఊరికి ప్రతి లేదు. తాతార్ల దుఃఖం మాదనీ, ఖేర్సన్ దుఃఖం పరాయిదనీ అనుకుంటే మా ఇన్సాఫ్ సగమే. మజ్లూమ్‌ను మతమేదని అడగం.