డీవీఆర్ చెప్పేది ఏ ప్రమాణం?

ఇంట్లోనో దుకాణంలోనో బిగించిన అనలాగ్ కెమెరా పంపే సంకేతం కేబుల్ మీదుగా డీవీఆర్‌కు (డిజిటల్ వీడియో రికార్డర్‌కు) చేరుతుంది. డీవీఆర్ దాన్ని అంకెలుగా మార్చి, కుదించి, హార్డ్ డిస్క్‌లో రాస్తుంది. తాత్విక చిక్కు ఆ కుదింపులోనే మొదలవుతుంది. సెకనుకు 25 దాకా వచ్చే చిత్రాలన్నిటినీ హెచ్.264 అనే కుదింపు పద్ధతి పూర్తిగా దాచదు. అప్పుడప్పుడు ఒక చిత్రాన్ని మొత్తంగా ఉంచి, నడుమ వచ్చేవాటిలో మారిన భాగాలనే రాస్తుంది. కదలని గోడను ముందటి చిత్రం నుంచి తెచ్చి నింపుతుంది. తెర మీది దృశ్యంలో కొంత కెమెరా చూసింది, కొంత యంత్రం లెక్కగట్టింది.

న్యాయదర్శనంలో జ్ఞానానికి సాధనమే ప్రమాణం. అందులో ప్రత్యక్షమంటే ఇంద్రియం వస్తువును తాకగా కలిగే జ్ఞానం. రాత్రి దొంగతనాన్ని తెల్లవారి చూసేవాడి కంటికి తగిలేది తెర ఒక్కటే. దాన్నిబట్టి దొంగను తెలుసుకోవడం అనుమాన ప్రమాణం. హేతువు చెడితే అనుమానమూ చెడుతుంది. డీవీఆర్ గడియారం గంట తప్పితే ఆ వేళకు అక్కడ లేనివాడు ఉన్నట్టు తేలవచ్చు.

మరి ప్రమాణానికి ప్రమాణం ఏది? మాచర్ల దగ్గరి నాగార్జునకొండతో సంప్రదాయం ముడివేసే ఆచార్య నాగార్జునుడు 'విగ్రహవ్యావర్తని'లో అడిగింది ఇదే. ఒకదాన్ని ఇంకొకటి నిలబెడితే, ఆ ఇంకొకదాన్ని నిలబెట్టేది ఏది? ఈ వరుసకు అంతు లేదు. చట్టం మాత్రం ఒకచోట ఆపక తప్పదు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం, 63వ సెక్షన్ కింద, రికార్డుతోపాటు హ్యాష్ విలువ (ఫైలు నుంచి లెక్కగట్టిన గుర్తు) ఉన్న ధ్రువపత్రం కోరుతుంది. ఫైలులో ఒక్క బిట్టు మారినా ఆ విలువ మారిపోతుంది. అయితే హ్యాష్ తీసిన తర్వాత ఫైలు మారలేదనే అది చెబుతుంది. అంతకుముందటి సంగతికి మనిషి సంతకమే ఆధారం.

ఇన్ని పరిమితులున్నా కెమెరా సాక్ష్యాన్ని తేలిగ్గా చూడకూడదు. 2024 మే 13న మాచర్ల నియోజకవర్గంలోని పాల్వాయిగేటు పోలింగ్ కేంద్రంలో ఈవీఎంను పగలగొట్టినప్పుడు చూసిన మనుషులు ఆ గదిలోనే ఉన్నారు. లోకమంతా చూసింది మాత్రం మే 21న, అక్కడి వెబ్ కెమెరా దృశ్యం బయటికొచ్చాకే. మనిషి సాక్షికి ఊళ్లో బతకాల్సిన భయం ఉంటుంది. యంత్రానికి అది లేదు.

దానికి ఉన్నది మరపు. చిత్రగుప్తుడి చిట్టా చెరగదని నమ్మకం. డీవీఆర్ మాత్రం డిస్క్ నిండగానే పాతవాటి మీదే రాస్తుంది. సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున నాలుగు కెమెరాలు నడిస్తే 1 టీబీ డిస్క్ సుమారు పదకొండున్నర రోజుల్లో నిండుతుంది. అందుకే ఏదైనా జరిగిన రోజే ఆ భాగాన్ని వేరేచోటికి కాపీ చేసి, హ్యాష్ తీయించి, డీవీఆర్ గడియారానికీ అసలు సమయానికీ ఉన్న తేడాను కాగితం మీద రాసి పెట్టుకోవాలి.