ఉచితం ఎవరి కోసం?

అన్నయ్య కాన్వెంటు బస్సెక్కేవాడు. నేను సర్కారుబడికి నడిచి వెళ్లేదాన్ని. ఇంట్లో ఉన్నది ఒక్క ఫీజుకి సరిపడా డబ్బు. అందులో అన్యాయం అమ్మకీ నాన్నకీ కనిపించలేదు. ఆ బడే నన్ను పిహెచ్‌.డి. దాకా తెచ్చింది కనుక చాలాకాలం నాకూ కనిపించలేదు.

2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత విద్యని హక్కు చేసింది. ప్రైవేటు బడుల ప్రవేశతరగతిలో 25 శాతం సీట్లు బలహీనవర్గాలకూ అణగారిన సమూహాలకూ ఇమ్మంది. కుటుంబాల మధ్య తేడాని చూసింది సరే, ఒకే ఇంట్లో అన్నకీ చెల్లెలికీ మధ్య ఉన్నదాన్ని చూడలేదు. ‘ఉచితం’ ఆడపిల్ల వాటాకే ఎందుకొస్తుందని అడగలేదు.

ప్రభుత్వబడిని కాపాడుకోవాలని నేను సభల్లో మాట్లాడతాను. మా పాపని మాత్రం ప్రైవేటులోనే వేశాను (ఇంగ్లీషు కోసమని చెప్పుకున్నాను). మరి ఆ బడి ఎవరి కూతుళ్లతో నిలబడాలని వాదిస్తున్నట్టు?