హాలు కుర్చీ

పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో పెద్దింటి గుమ్మం దాటగానే హాలు కుర్చీలుండేవి. మహాగని కర్ర, వీపుపలక మీద వంశచిహ్నం, కూర్చునేచోట కాస్త లోతుగా చెక్కిన పలక. మెత్త లేదు, బట్ట లేదు. థామస్ చిప్పెండేల్ తన డిజైన్ల పుస్తకం మూడో కూర్పులో (1762) వీటికీ చోటిచ్చాడు.

మెత్త ఎందుకు లేదు? అక్కడ కూర్చునేది నౌకరు, ఉత్తరం తెచ్చినవాడు, పనిమీద వచ్చిన వర్తకుడు. తడికోటుతో, బురదతో వస్తారు, పట్టుగుడ్డ పాడవుతుంది. సబబైన కారణమే. సాటి దొర వస్తే మాత్రం నేరుగా లోపలికి వెళ్లిపోతాడు.

సబబైన కారణం ఉంటే చిన్నచూపు చిన్నచూపు కాకుండా పోతుందా? పోదనే నాకనిపిస్తుంది. తుడవడానికి వీలుగా ఉండాలంటే ఉత్త బల్ల చాలు కదా, చిహ్నమెందుకు? పైగా మనిషి కూర్చుంటే ఆ చిహ్నం వీపు వెనక్కి పోతుంది. అంటే ఆ కుర్చీ సొగసంతా ఖాళీగా ఉన్నప్పుడే! చూస్తూ పోయేవాడి కళ్లకి కళ, కూర్చునేవాడి నడుముకి కర్ర.

నిలబెట్టడం కన్నా నయమే కదా అంటారేమో. నయమే. కానీ చోటివ్వడం వేరు, మర్యాద చెయ్యడం వేరు. ఎవరి ఒంటికి సుఖం అక్కర్లేదో ముందే తేల్చేసుకున్నాక, వడ్రంగి ఎంత నేర్పుగా చెక్కినా ఆ తేడా పూడదు.