ఆపత్కాలమున దాసోహ ధర్మము

ఆపదలో నున్నవారిని ఆదుకొనుట ధర్మమని అందరును అంగీకరింతురు. అయితే ఆ ధర్మము ఎప్పుడు ఆరంభమగును, ఎప్పుడు ముగియును అను ప్రశ్నకు సమాధానము అంత సులభము కాదు. వరద వచ్చిన మరునాడు అన్నపు పొట్లములతో పరుగెత్తుట సేవయే. కాని వరదకు ముందు వేసవిలో చెరువుకట్టపై మొలచిన తుమ్మచెట్టును కొట్టించుట సేవ కాదా? వరద తీసి ఆరు నెలలైన పిదప, లోకము మరచిన ఇంటి గోడను లేపుట సేవ కాదా? మొదటిదానికి మెప్పు కలదు. తక్కిన రెంటికిని లేదు. మెప్పు లేనిచోట మనస్సు ఎందుకు నిలువదు అనునదే ఇచ్చట విచారింపదగినది.

2021 నవంబరు మాసమున చిత్తూరు, కడప జిల్లాలను మహావర్షములు ముంచెత్తెను. తిరుమల కనుమదారులు మూతపడగా, చిక్కుబడిన యాత్రికులకు దేవస్థానము వసతి, భోజనములు సమకూర్చెను. స్వర్ణముఖి పొంగి తిరుపతి పరిసరములను అతలాకుతలము చేసెను. నవంబరు 19వ తేదీ తెల్లవారుజామున, రాజంపేట సమీపమున చెయ్యేరుపై నున్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగిపోయెను. ఎగువనున్న పింఛ కట్ట అంతకుముందే తెగియుండెను. నిద్రలేవకమునుపే దిగువ గ్రామములపై నీరు పడెను. పలువురు ప్రాణములు కోల్పోయిరి. ఆ ప్రాజెక్టు గేట్లలో ఒకటి అప్పటికి పనిచేయని స్థితిలో నుండెను.

రెండు దినముల పిదప తిరుపతికి చేరువనున్న రామచంద్రాపురము మండలములోని రాయల చెరువు కట్టనుండి నీరు ఊరుట కనబడెను. శ్రీకృష్ణదేవరాయల కాలము నాటిదని ప్రతీతిగల చెరువు అది. దిగువ పల్లెల ప్రజలను ఇండ్లు విడిపించి పునరావాస కేంద్రములకు చేర్చిరి. ఇసుక మూటలతో, మట్టితో కట్టను బలపరచిరి. చెరువు తెగలేదు. ఒకచోట కట్ట తెగెను, మరియొకచోట నిలిచెను. ఈ భేదమునకు వాన తీవ్రత, కట్టల తీరు కొంత కారణము కావచ్చును. అయినను లోపమును కాలముండగానే చూచుట, చూచినదానిని చెప్పుట, చెప్పినదానిని విని కదలుట అను మూడు పనులు కలిసినచోట ప్రాణములు దక్కినవనుట నిజము.

ఈ ప్రాంతపు పెద్దలకు ఇది క్రొత్త విషయము కాదు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువును విజయనగర రాకుమారుడైన భాస్కరుడు కట్టించెను. 1369 నాటి దాని శాసనమున మంచి చెరువునకు 12 అంగములు, చెడ్డ చెరువునకు 6 దోషములు చెప్పబడినవి. కట్టనుండి నీరు ఊరుట ఆ దోషములలో ఒకటి. రెండు రాజ్యముల సరిహద్దున చెరువుండుట మరియొకటి. ఈ రెండవది సూక్ష్మముగా ఆలోచింపదగినది. ఇరువురిదైన చెరువు ఎవరిదియు కాకపోవును. నేటి రాజ్యములు వేరు. కాని ఒక శాఖకును మరియొక శాఖకును నడుమ, సర్కారునకును ఊరికిని నడుమ, ఒక సేవాసంఘమునకును మరియొక సంఘమునకును నడుమ సరిహద్దులు నేటికిని కలవు. ఆపద ప్రవేశించునది ఆ సందులనుండియే.

పూర్వము ఆ సందులను కొంతవరకు ఊరు పూడ్చుకొనెడిది. తూము తీసి మూయుటకు నీరుగంటి యుండెడివాడు. చెరువును కట్టించినవారికి, బాగుచేసినవారికి దశబంధ మాన్యములు కలవు. కాలువ పూడిక తీయుటకు ఇంటికొకరు వచ్చు కుడిమరామత్తు ఉండెడిది. అయితే గతమును కేవలము కొనియాడుటయు తగదు. 1858లో ప్రభుత్వము ఆ శ్రమను నిర్బంధము చేయుచు చట్టము చేయవలసి వచ్చెను. ఊరందరి చెరువే అయినను, తట్ట మోసినవారు తరచుగా భూమిలేని పేదలే. ఏ పనియు తక్కువ కాదని, పని చేయువాడు తక్కువవాడు కాదని చాటిన బసవేశ్వరుని కాయకతత్త్వము ఇచ్చటనే అవసరము. కట్టపై పార పట్టవలసిన దినమున భూస్వామియు కూలివానితో కలిసి నిలువవలెను.

ముందుజాగ్రత్తవలన ఫలమేమి యని సందేహించువారికి కోస్తా అనుభవమే సమాధానము. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు 10,000 మంది మరణించిరి. దేశము నలుమూలలనుండి సేవకులు వచ్చిరి, శవములకు అంత్యక్రియలు చేసిరి, ఇండ్లు కట్టిరి. ఆ సేవ పూజనీయమే. కాని 1990 మే మాసమున మరల ఘోరమైన తుపాను వచ్చినప్పుడు లక్షలాది జనులను ముందుగానే తరలించుటచే మృతుల సంఖ్య 1,000కి లోపుగనే నిలిచెను. మరణింపక మిగిలినవారు తమను రక్షించినది ఎవరో యెరుగరు. పేరు తెలియని ఆ రక్షణయే ఉత్తమమైన సేవ.

దానమునకును దాసోహమునకును గల భేదము ఇదియే. దానమున ఇచ్చువాని చేయి పైన నుండును. దాసోహమున ఇచ్చువాడు దాసుడు. తీసుకొనువాని అవసరమే ప్రభువు. సొన్నలిగెలో చెరువు త్రవ్వించుచున్న సిద్ధరాముని అల్లమ ప్రభువు మందలించిన వృత్తాంతము శరణులెల్లరు ఎరిగినదే. ఆ చెరువు నేటికిని సోలాపురమున కలదు. కనుక ప్రభువు కాదన్నది చెరువును కాదు. "నేను చేయుచున్నాను" అను భావమును. ఆపత్కాలమున ఆ భావమే మిక్కిలి హాని చేయును. ఒకే వీధికి పది సంఘములు అన్నము తెచ్చును. ఆ ప్రక్క పల్లెకు ఒక్కరును పోరు. త్రాగునీరు కావలసినచోట పాతబట్టల కుప్ప చేరును. దయ లేక కాదు, కలిసి నడచు వినయము లేక.

కావున మఠములును, కుటుంబములును తమ కర్తవ్యమును ముందుగా నిర్ణయించుకొనవలెను. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టము ప్రకారము ప్రతి జిల్లాకును కలెక్టరు ఆధ్వర్యమున ఒక సంస్థ కలదు. ఆపద్దినమున స్వతంత్రించి పోవుటకంటె, ఆ సంస్థకు తమ మనుష్యులను, వాహనములను, వంటపాత్రలను ముందే తెలుపుట మేలు. నడువలేని వృద్ధులు, గర్భిణులు, వికలాంగులు ఏ యింట నున్నారో ప్రతి ఊరును వ్రాసి యుంచుకొనవలెను. మఠము తలుపు తాళము రాత్రివేళ ఎవరియొద్ద నుండునో పదిమందికి తెలిసియుండవలెను. ఆ తలుపు కులము అడుగక తెరువబడవలెను. నీరు తీసిన పిదప, తక్కినవారు వెడలిపోయిన దినమున, ఇసుక మేటవేసిన పొలము గట్టున కొందరైనను మిగిలియుండవలెను.

వేసవిలో కట్టపై మట్టివేయు చేతికి హారతి పట్టువారు ఉండరు. ఆ పని లింగార్పితమని తలచి చేయువాడే నిజమైన దాసోహి.