మాండవ్యుడు గీసిన గీత: పిల్లల తప్పు, పెద్దల పూచీ

పిల్లవాడు చేసిన తప్పుకు ఎవరు బాధ్యులన్న ప్రశ్నను భారతీయ ధర్మచింతన ఏనాడో ఎదుర్కొంది. మహాభారతం ఆదిపర్వంలో మాండవ్యుడి కథ ఉంది. దొంగలు సొమ్ము తెచ్చి దాచిన ఆశ్రమంలో మౌనంగా తపస్సు చేసుకుంటున్న మునిని రాజభటులు దొంగలతో జమకట్టి కొరత వేస్తారు. ఇంత శిక్షకు తాను చేసిన పాపమేమిటని ఆయన ధర్మదేవతను నిలదీస్తే, చిన్నతనంలో పురుగులను పుల్లలతో గుచ్చిన ఫలితమని జవాబు వస్తుంది. ముని ఒప్పుకోడు. ఊహ తెలియని వయసులో చేసిన పనికి ఈ శిక్ష ఏ లెక్కనా తగదంటాడు. ఇకమీదట పద్నాలుగేళ్ల వరకు చేసిన పనికి పాపం అంటదని కట్టడి చేసి, ధర్మదేవతనే మనిషిగా పుట్టమని శపిస్తాడు. అలా పుట్టినవాడే విదురుడు.

కథలో వయసు గీత కంటే శాపమే బరువైనది. పసితనాన్ని లెక్కలోకి తీసుకోకుండా తీర్పు చెప్పినందుకు సాక్షాత్తు ధర్మమే శిక్ష అనుభవించింది. పిల్లలపై అధికారం చేతిలో ఉన్నవాడే ముందు జవాబు చెప్పుకోవాలన్నది ఇందులోని నిర్ణయం.

మిగతా సంప్రదాయాలూ ఈ గీతను తమ తమ చోట్ల గీశాయి. పదహారేళ్ల లోపు వారికి ప్రాయశ్చిత్తం సగమేనని స్మృతులు చెప్పాయి. యుక్తవయసు రాని పిల్లల పనులు వారి పద్దులో రాయబడవని ఇస్లాం చెబుతుంది. ఏడేళ్ల లోపు బిడ్డ చేసినది నేరమే కాదన్న 1860 నాటి శిక్షాస్మృతి నియమం భారతీయ న్యాయ సంహితలోనూ కొనసాగింది. 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉన్న బాల న్యాయ చట్టం మరో అడుగు వేసి, పద్దెనిమిదేళ్లు నిండేదాకా ఏ బిడ్డకూ నేరబుద్ధి లేదనే భావించాలని తన మూలసూత్రాల్లో రాసుకుంది. పదహారు దాటినవారిపై అతి తీవ్రమైన నేరారోపణ వస్తే వేరే విచారణకు దారి మాత్రం తెరిచే ఉంచింది.

అయితే బిడ్డ మీద వేయని నింద గాలిలో కలిసిపోదు. అది ఎవరో ఒకరి మీదికి చేరాలి. ఎవరి మీదికన్నది సంగారెడ్డి, పటాన్‌చెరు పారిశ్రామిక వాడల్లో స్పష్టంగా కనిపిస్తుంది. రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్ మొదలుకొని పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం, బొంతపల్లి దాకా పరుచుకున్న ఈ కర్మాగారాలకు ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్ నుంచి కూలీ కుటుంబాలు వస్తాయి. ఒంటిగది అద్దె ఇల్లు, తల్లిదండ్రులిద్దరికీ షిఫ్టులు, బడిలో పిల్లలకు అర్థంకాని తెలుగు. 2025 జూన్ 30న పాశమైలారం సిగాచి కర్మాగారంలో జరిగిన పేలుడు నలభై మందికి పైగా కార్మికులను బలితీసుకుంది. మృతుల్లో చాలామంది వలస వచ్చినవారే. సంపాదించే మనిషి పోయిన ఇంట్లో పెద్ద కొడుకు వయసు పదిహేను అయితే అతని బడి ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

ఇక్కడే చట్టాల మధ్య ఒక సందు ఉంది. విద్యాహక్కు చట్టం పద్నాలుగేళ్లకు ఆగిపోతుంది. 2016లో సవరించిన బాల కార్మిక చట్టం పద్దెనిమిది నిండనివారిని ప్రమాదకర పరిశ్రమల్లో పనికి పెట్టుకోరాదంటుంది. రసాయనాల వాడలో మరో రకం పని దొరకడం కష్టం. అంటే ఆ నాలుగేళ్లు పిల్లవాడు బడి హాజరుపట్టీలోనూ ఉండడు, న్యాయంగా ఏ మస్టర్‌లోనూ ఉండడు. అతన్ని తమ లెక్కలోకి తీసుకోవడానికి చిల్లర దొంగతనాల ముఠాలు, మత్తు అమ్మేవాళ్లు మాత్రం సిద్ధంగా ఉంటారు. సంగారెడ్డి జిల్లాలోని రసాయన యూనిట్లలో దొంగచాటుగా తయారైన ఆల్ప్రాజోలం పట్టుబడిన కేసులు ఉన్నాయి. కల్తీ కల్లులో కలిపేది ఆ మందే. పిల్లలచేత మత్తు పదార్థాలు మోయించినా, అమ్మించినా ఏడేళ్ల దాకా కఠిన జైలుశిక్ష అని బాల న్యాయ చట్టం చెబుతోంది. ఆ శిక్ష పడాల్సింది పెద్దవాళ్లకు.

పిల్లవాడు జారిపోతున్న సంగతి ఎవరికీ తెలియక కాదు. హెడ్మాస్టరుకు గైర్హాజరు తెలుసు, ఆశా కార్యకర్తకు ఇంట్లో తాగుడు తెలుసు, కార్మిక శాఖ అధికారికి కాంట్రాక్టరు తెలుసు, స్టేషన్‌కు సెల్‌ఫోన్ దొంగతనం తెలుసు. తలా ఒక ముక్క చేతిలో ఉండి, పూర్తి బిడ్డ ఎవరికీ కనిపించడు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అన్నట్టు, పంచుకున్న బాధ్యత ఎవరిదీ కాకుండా పోతుంది.

దీనికి విరుగుడుగానే చట్టం కొన్ని ముడులు వేసింది. ప్రతి ఠాణాలో ఒక బాలల సంక్షేమ పోలీసు అధికారి, జిల్లాలో డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి కింద ప్రత్యేక విభాగం ఉండాలి. మేజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు కూర్చునే బాల న్యాయ మండలి, ఆదరణ లేని పిల్లల కోసం బాలల సంక్షేమ సమితి, ఈ రెంటికీ చేయూతగా జిల్లా బాలల సంరక్షణ విభాగం పనిచేయాలి. పట్టుబడిన బిడ్డను లాకప్‌లో పెట్టకూడదు, బేడీలు వేయకూడదు, ఇరవై నాలుగు గంటల్లో మండలి ముందుకు తీసుకురావాలి. నేరం అతి తీవ్రమైనదైతేనో, పెద్దలతో కలిసి చేసినదైతేనో తప్ప ఎఫ్‌ఐఆర్ ఉండదు. జనరల్ డైరీలో నమోదు చేసి సామాజిక నేపథ్య నివేదిక రాయాలి. ఇల్లెలా ఉంది, బడి ఎందుకు మానాడు, ఎక్కడ పనిచేశాడు, ఎవరైనా అతన్ని వాడుకున్నారా అని ఆ నివేదిక అడుగుతుంది. శ్రద్ధగా నింపితే అది పిల్లవాడి నేరచరిత్ర కాదు, చుట్టూ ఉన్న పెద్దల వైఫల్యాల పట్టిక. ఆ కాగితాన్ని మొక్కుబడిగా నింపడం చిన్న తప్పు కాదు.

ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ పేరిట పోలీసు, కార్మిక, విద్య, స్త్రీ శిశు సంక్షేమ శాఖలు కలిసి తిరుగుతాయి. ఇటుక బట్టీల నుంచి, వర్క్‌షాపుల నుంచి పిల్లలను బయటికి తెస్తాయి. మంచి పనే. కానీ జూలైలో విడిపించిన పిల్లవాడు ఆగస్టులో ఎక్కడున్నాడో చూసే మనిషి ఉంటేనే అది నివారణ అవుతుంది. పొరుగున రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి బాల కార్మికుల కోసం పనిచేసిన ఎం.వి. ఫౌండేషన్ అలా చూసే మనిషిని ఊళ్లోనే వెతికింది. బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాల కార్మికుడేనన్నది దాని పట్టుదల. శాంతా సిన్హా నడిపిన ఆ ఉద్యమం టీచర్లను, తల్లిదండ్రులను, సర్పంచులను, చివరికి పనిలో పెట్టుకున్న యజమానులను కూడా ఒకచోట కూర్చోబెట్టింది. పెద్ద పిల్లలను వయసుకు తగ్గ తరగతిలో చేర్చడానికి శిబిరాలు నడిపింది. నేరం అన్న మాట ఎత్తకుండానే నేరానికి దారితీసే ఖాళీని పూడ్చిన పద్ధతి అది.

నివారణ పేరుతో జరిగే అన్యాయం కూడా ఉంది. ఏ తప్పూ చేయని వలస కుర్రాళ్లను అనుమానితుల జాబితాలో ఎక్కిస్తే, చట్టం ఇచ్చిన నిర్దోషిత్వ భావన మాటలకే మిగులుతుంది. ఇక్కడ సమాచారం ఎటు నుంచి ఎటు పోతోందన్నది కీలకం. ఠాణాకు తెలిసిన కష్టం బడికి, ఆసుపత్రికి, సంక్షేమ సమితికి చేరితే అది సాయం. బడికి తెలిసిన బలహీనత ఠాణాకు చేరితే అది నిఘాగా మారే ప్రమాదం ఉంది. బిడ్డ పేరు, ఆనవాళ్లు బయటపెట్టరాదన్న నిషేధాన్ని శాఖలు తమ మధ్య కూడా గుర్తుంచుకోవాలి.

విచారణ ముగిశాక మండలి మందలించి పంపవచ్చు, కౌన్సెలింగ్‌కు, సమాజసేవకు, ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణకు అప్పగించవచ్చు. బాలల సంరక్షణ సంస్థలో ఉంచడం ఆఖరి మార్గం. అతి తీవ్రమైన కొన్ని కేసులు మినహా, అప్పీలు గడువు తీరాక దోషనిర్ధారణ రికార్డులను ధ్వంసం చేయాలి. ఆ తప్పు అతని చదువుకు, ఉద్యోగానికి అడ్డు రాకూడదు. కుటుంబం ఒడిశాకో బిహార్‌కో తిరిగి వెళ్తే అక్కడి జిల్లా బాలల సంరక్షణ విభాగానికి సంగతి అందాలి. పద్దెనిమిది నిండి సంస్థ నుంచి బయటికొచ్చే యువకుడికి ఇరవై ఒకటి వరకు తోడ్పాటు ఇవ్వడానికి చట్టంలో వీలుంది. పటాన్‌చెరు లాంటి చోట అది ఐటీఐ సీటుగా, అప్రెంటిస్‌షిప్‌గా మారాలంటే ఉపాధి కార్యాలయమూ, కర్మాగారాల యాజమాన్యాలూ ఈ శాఖలతో ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి.